దసరా సెలవులకు కొడైకెనాల్: చలికి, వానకు ఎలా సిద్ధం కావాలి? (తిరుపతి నుంచి కారులో)

కోనేటిగట్టు | సెప్టెంబరు 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో కొడైకెనాల్ పోదామని ఇంట్లో తీర్మానం అయింది. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు (ఒకరికి పదేళ్లు, ఒకరికి ఐదు), మా మామయ్య. మామయ్యకు డెబ్బై దాటాయి, ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడతారు. సొంత కారులోనే వెళ్తాం.

మేం తిరుపతి ఎండలకు అలవాటు పడిన వాళ్లం. ఇంట్లో ఉన్న స్వెటర్లు డిసెంబరులో తిరుమలకు పోయినప్పుడు వేసుకునేవే. అవి సరిపోతాయా? వాన పడుతుందని ఒకరు, ఆ నెలలో వాన ఉండదని ఇంకొకరు చెబుతున్నారు. ఫోన్‌లో చూస్తే రోజూ మేఘం బొమ్మే కనిపిస్తోంది. సరస్సుకు ఎదురుగానే రూమ్ కావాలని పిల్లల గోల. వెళ్లొచ్చిన వాళ్లు చెప్పండి, నాకు కాస్త టెన్షన్‌గా ఉంది.

మదనపల్లె టమాటా | సెప్టెంబరు 9, రాత్రి 10:05

అక్కా, మా హార్సిలీ కొండ ఇక్కడే ఉండగా అంత దూరం ఎందుకు? పొద్దున ఇడ్లీ తిని బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి కొండ మీద ఉంటారు. 1,265 మీటర్ల ఎత్తు, యూకలిప్టస్ చెట్ల గాలి, గంగోత్రి చెరువు. మామయ్య గారికి ప్రయాణం బడలిక కూడా ఉండదు. ఏనుగు మల్లమ్మ ఆశీర్వాదం ఉచితం.

కాణిపాకం కుర్రోడు | సెప్టెంబరు 9, రాత్రి 10:11

టమాటా అన్నా, గంగోత్రి చెరువులో పిల్లలు పడవ ఎక్కుతారా? వాళ్లకు కావాల్సింది అది. దగ్గర్లో కావాలంటే ఏలగిరి ఉంది, వాణియంబాడి దాటాక. అక్కడి పుంగనూరు సరస్సులో బోటింగ్ ఉంది. కాకపోతే మ్యాపులో ఉత్త ‘పుంగనూరు’ అని కొడితే మన పుంగనూరుకే తీసుకుపోతుంది, జాగ్రత్త. మా గ్యాంగ్‌లో ఒకడు పలమనేరు దాకా పోయి ఫోన్ చేశాడు.

మదనపల్లె టమాటా | సెప్టెంబరు 9, రాత్రి 10:14

ఆ ఒకడు నువ్వే కదా.

అలిపిరి మెట్లు | సెప్టెంబరు 10, ఉదయం 6:20

స్వెటర్ల సంగతి చెబుతాను. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు. కొడై 2,100 మీటర్ల పైన, అంటే తిరుమలకు రెండున్నర రెట్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సగటున ఆరారున్నర డిగ్రీలు చల్లబడుతుంది. తిరుపతిలో 33 డిగ్రీలున్న మధ్యాహ్నం తిరుమలలో 28, 29 ఉంటే కొడైలో 20 చుట్టూ ఉంటుంది. రాత్రి ఇంకో పది తగ్గుతుంది.

కాబట్టి తిరుమల స్వెటర్లు పగటికి బాగానే పనికొస్తాయి. పొద్దున ఆరింటికి సరస్సు గట్టున నిలబడితే మాత్రం చాలవు. ఎండ, నీడల తేడా కూడా చాలా ఉంటుంది. ఎండలో నడుస్తుంటే చెమట పడుతుంది, మబ్బు కమ్మిన మరుక్షణం వణుకు మొదలవుతుంది. అందుకే ఒకే మందపాటి కోటు కన్నా పల్చటివి రెండు మూడు ఉంటే తీసుకుంటూ వేసుకుంటూ ఉండొచ్చు.

ఇంకొకటి, చల్లగా ఉంది కదా అని ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. ఎత్తు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాల ఘాటు పెరుగుతుంది. పడవలో గంటసేపు కూర్చుంటే పిల్లల ముక్కులు, చెంపలు కమిలిపోతాయి. టోపీ, సన్‌స్క్రీన్ పెట్టుకోండి.

దిండిగల్‌లో చిత్తూరోడు | సెప్టెంబరు 10, రాత్రి 8:50

నాది చిత్తూరు, ఉద్యోగం దిండిగల్‌లో. కొడై మా జిల్లాలోనే ఉంది, చుట్టాలొస్తే గైడ్ డ్యూటీ నాదే. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

అక్కా, అందరూ మీకు చలి గురించి చెబుతున్నారు. చలి పెద్ద విషయం కాదు, స్వెటర్ కొడైలోనే అడుగడుగునా దొరుకుతుంది. అసలు ఇబ్బంది తడి. దసరా సెలవులంటే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వస్తాయి. అప్పటికి నైరుతి రుతుపవనం పూర్తిగా పోయి ఉండదు, ఈశాన్య రుతుపవనం రావడానికి సిద్ధంగా ఉంటుంది. మన తిరుపతికి లాగే కొడైకి కూడా అక్టోబరు, నవంబరుల్లోనే వానలు ఎక్కువ. మామూలుగా మధ్యాహ్నం దాకా బాగానే ఉంటుంది. రెండు మూడు గంటలకు మబ్బులు లోయలోంచి పైకి లేస్తాయి, తర్వాత ఉరుములు, వాన. ఉరుము వినిపిస్తే బోటింగ్ ఆపేస్తారు. అప్పుడు పిల్లల్ని రూమ్‌లో పెట్టుకుని టీవీ చూడటమే.

ఆ నెలల్లోనే వెళ్లాలంటే రోజును ముందుకు జరపండి. ఏడింటికల్లా బయటపడి, సరస్సు, కోకర్స్ వాక్, పిల్లర్ రాక్స్ మధ్యాహ్నం లోపు పూర్తి చేసుకోండి. పిల్లర్ రాక్స్ దగ్గర పదకొండు దాటితే పొగమంచు తెర దించేస్తుంది, నిలువు రాళ్ల బదులు తెల్లటి గోడ కనిపిస్తుంది. కోకర్స్ వాక్ 1872లో కొండ అంచున వేసిన నడక దారి. అక్కడ గాలి గట్టిగా ఉంటుంది, గొడుగు తిరగబడుతుంది. గొడుగులు ఇంట్లో పెట్టి రెయిన్‌కోట్లు తెచ్చుకోండి, ప్యాంటుతో సహా ఉండేవి.

ఫోన్‌లో మేఘం బొమ్మ గురించి. పది రోజుల ముందు చూపించేదాన్ని పట్టించుకోవద్దు. బయలుదేరే ముందు రెండు రోజులు భారత వాతావరణ శాఖ మౌసమ్ యాప్‌లో దిండిగల్ జిల్లా హెచ్చరికలు చూడండి. పసుపు అయితే రెయిన్‌కోటు తీసుకుని రండి. ఆరెంజ్ అంటే ఒక్క రోజులో 12 నుంచి 20 సెంటీమీటర్ల వాన పడొచ్చని అర్థం. ఆ రోజు ఘాట్ ఎక్కవద్దు, కింద బట్లగుండులోనో దిండిగల్‌లోనో ఆగిపోండి. 2018 నవంబరులో గజ తుపాను వేదారణ్యం దగ్గర తీరం దాటి తిన్నగా ఇటే వచ్చింది. చెట్లు పడి కొడైకి దారులన్నీ మూసుకుపోయాయి. సముద్రానికి ఇంత దూరం ఏమవుతుందిలే అనుకోకండి.

సరస్సు ఎదురు రూమ్ గురించి పిల్లలకు నచ్చని మాట చెప్పాలి. కొడై సరస్సు ఒక గిన్నె లాంటి పల్లంలో ఉంది. 1863లో మధురై కలెక్టరుగా ఉన్న లెవింజ్ వాగుకు కట్ట వేయించి చేసిన చెరువు అది, సుమారు 60 ఎకరాలు. రాత్రి చల్లగాలి బరువెక్కి నాలుగు వైపుల వాలుల నుంచి జారి ఆ పల్లంలోనే చేరుతుంది. అందుకే చుట్టూ ఉన్న వాలు మీది రూమ్ కన్నా గట్టున ఉన్న రూమ్‌లో చలీ, తేమా ఎక్కువ. ఆయాసం ఉన్న పెద్దాయనకు వాలు మీద, పొద్దుటి ఎండ పడే తూర్పు వైపు రూమ్ చూడండి. సరస్సుకు కారులో ఐదు నిమిషాలు.

నగరి నేత | సెప్టెంబరు 11, మధ్యాహ్నం 1:15

బట్టల మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట. మాది మగ్గాల ఊరు, కాటన్‌ను తిట్టే అలవాటు నాకు లేదు. కానీ కొడైకి కాటన్ అంత మంచిది కాదు. నూలు దారం నీళ్లు పట్టుకుంటుంది, ఒక పట్టాన వదలదు. తడిసిన కాటన్ చొక్కా ఒంటి వేడిని లాగేస్తూనే ఉంటుంది. జీన్స్ అయితే మరీ ఘోరం. ఇవాళ తడిస్తే మీరు తిరుపతి వచ్చేదాకా ఆరదు, పైగా బరువు.

లోపల పల్చటి థర్మల్ లేదా క్రికెట్ జెర్సీ రకం పాలిస్టర్ టీషర్టు. దాని మీద ఉన్ని స్వెటర్ లేదా ఫ్లీస్. ఉన్ని కొంచెం తడిసినా వెచ్చదనం పోదు. పైన గాలి చొరబడని రెయిన్ జాకెట్. మామయ్య గారు పంచె కట్టేవారైతే పంచె లోపల థర్మల్ ప్యాంటు వేసుకోమనండి, బయటికి కనిపించదు, ఆయనకూ ఇబ్బంది ఉండదు. మీరు చీరలో తిరిగేట్టయితే లోపల ఉన్ని లెగ్గింగ్స్ వేసుకోండి. కాలికి చెప్పులు కాదు, పట్టున్న షూస్, రోజుకు ఒక జత సాక్సులు.

మందపాటి టర్కీ టవల్ కూడా వద్దు, అక్కడ అది ఆరదు. పల్చటి తువ్వాళ్లు పెట్టుకోండి. (మా నగరివి అయితే మరీ మంచిది, ఉచిత ప్రకటన.)

ఘాట్‌రోడ్డు స్టీరింగ్ | సెప్టెంబరు 11, రాత్రి 11:30

ట్యాక్సీ నడిపేవాణ్ని, తిరుమల ఘాట్ నాకు ఇంటి వాకిలి. మన ఊరి వాళ్లు కొడై ఘాట్‌లో ఎక్కడ తడబడతారో చెబుతాను.

తిరుమలలో ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఇంకో రోడ్డు. ఎదురుగా బండి వస్తుందన్న ఆలోచనే మనకు ఉండదు. మలుపులో మొత్తం రోడ్డు వాడేసుకుంటాం. కొడైలో ఒకే రోడ్డు మీద రెండు వైపులా బండ్లు వస్తాయి. మలుపు తిరగ్గానే ప్రభుత్వ బస్సు ముక్కు మీ బానెట్ మీద ఉంటుంది. మన ఘాట్ 18 కిలోమీటర్లలో అయిపోతుంది, అక్కడ బట్లగుండు దాటి కొండ మొదలయ్యాక 50 కిలోమీటర్ల దాకా మలుపులే. సార్ తిరుమల ఘాట్‌లో ఎంత బాగా నడిపినా సరే, మీ లైన్‌లో మీరుండండి, మలుపు ముందు హారన్ కొట్టండి, ఎక్కే బండికి దారి వదలండి. దిగేటప్పుడు రెండో గేరు, అవసరమైతే ఒకటో గేరు. బ్రేకు తొక్కి పట్టుకుని దిగితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వండి, బ్రేకుల మీద నీళ్లు మాత్రం పోయకండి.

పొగమంచులో హై బీమ్ వేయొద్దు. వెలుతురు మంచుకు కొట్టుకుని మీ కళ్లలోకే వస్తుంది. లో బీమ్, ఫాగ్ ల్యాంప్స్ చాలు. అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ కూర్చోకుండా ఏసీ వేసి గాలిని అద్దం వైపు తిప్పండి. చలిలో ఏసీ ఏమిటని ఇంట్లో వాళ్లు అరుస్తారు, అరవనివ్వండి.

దారి: చిత్తూరు, వేలూరు, కృష్ణగిరి, ధర్మపురి, సేలం, నామక్కల్, కరూర్, దిండిగల్, బట్లగుండు. 500 కిలోమీటర్ల పైన. ధర్మపురి దాటాక తొప్పూరు దగ్గర పెద్ద దిగుడు ఉంది, లారీల ప్రమాదాలు ఎక్కువ, ఓవర్‌టేక్ చేయొద్దు. పెద్దాయన, పిల్లలు ఉన్నారు కాబట్టి ఒకే రోజులో కొండెక్కాలని చూడకండి. రాత్రి దిండిగల్‌లో పడుకుని పొద్దున ఎక్కండి. చీకట్లో, మంచులో కొత్త ఘాట్ వద్దే వద్దు.

ఈ-పాస్ మర్చిపోకండి. 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకి బయటి బండ్లకు తప్పనిసరి, మద్రాసు హైకోర్టు ఆదేశం. తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు, బండి నంబరు, తేదీలు ఇస్తే వస్తుంది. ప్రభుత్వ బస్సులో పోయేవాళ్లకు అక్కర్లేదు. ఎల్లో బోర్డు బండి మాట్లాడుకుంటే తమిళనాడు పర్మిట్, ట్యాక్స్ ఎవరు కడతారో డ్రైవర్‌తో ముందే తేల్చుకోండి. కొండ మీద దాని గురించి గొడవ పడితే ఎవరికీ బాగుండదు.

కోనేటిగట్టు | సెప్టెంబరు 12, ఉదయం 10:00

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. చిత్తూరు అన్న, స్టీరింగ్ అన్న రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. ఒకే రోడ్డులో రెండు వైపులా బండ్లు అనగానే ముఖం మారింది. ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, దసరా మానేసి సంక్రాంతి సెలవులకు మార్చుకుంటే ఎలా ఉంటుంది? మామయ్యకు జనవరి చలి ఎక్కువవుతుందా?

నర్సక్క | సెప్టెంబరు 12, మధ్యాహ్నం 3:40

రిటైర్డ్ నర్సును. అమ్మా, ఆయాసం ఉన్నవాళ్లకు రెండు రకాల బాధ. పొడి చల్లగాలి నేరుగా లోపలికి పోతే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. తేమ పట్టిన రూమ్‌లో బూజు, పాత కంబళ్ల దుమ్ము కూడా అదే పని చేస్తాయి. వానాకాలం మంచిది, చలికాలం చెడ్డది అని నేను అనను. ముందు మీ డాక్టరుకు చూపించి, ఎత్తైన చలి ప్రదేశానికి వెళ్తున్నామని చెప్పి, ఆయాసం పెరిగితే ఏ మందు ఎన్నిసార్లు తీసుకోవాలో కాగితం మీద రాయించుకోండి. ఫ్లూ టీకా గురించి కూడా అడగండి, వేయించుకుంటే రెండు వారాల ముందే వేయించుకోవాలి.

ఇన్‌హేలర్లు రెండు పెట్టుకోండి, ఒకటి ఆయన జేబులో, ఒకటి మీ బ్యాగులో. డిక్కీలోని సూట్‌కేసులో పెడితే ఉన్నా లేనట్టే. బయట తిరిగేటప్పుడు ముక్కు, నోరు మఫ్లరుతో కప్పుకుంటే లోపలికి పోయే గాలి కాస్త వెచ్చబడుతుంది. మంకీ క్యాప్ చూసి పిల్లలు నవ్వినా పెట్టుకోమనండి. పొద్దున ఎండ వచ్చాకే బయటికి. చలికి బీపీ కూడా పెరుగుతుంది, మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. దాహం వేయదు కానీ నీళ్లు తాగాలి, ఫ్లాస్కులో వేడినీళ్లు దగ్గర పెట్టుకోండి. 2,100 మీటర్ల ఎత్తుకు లద్దాఖ్‌లో లాగా ఆక్సిజన్ తగ్గిపోతుందని భయపడక్కర్లేదు, మామూలు మనుషులకు తేడా తెలియదు. కానీ మెట్లు ఎక్కితే ఆయనకు తెలుస్తుంది, కాబట్టి నెమ్మదిగా నడిపించండి. కొడైలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, అది మీ రూమ్ నుంచి ఎంత దూరమో మొదటి రోజే చూసుకోండి.

ఇది మాత్రం అందరూ వినండి. క్యాంప్‌ఫైర్ అయ్యాక మిగిలిన నిప్పులు వెచ్చగా ఉంటాయని రూమ్‌లోకి తెచ్చుకుని తలుపులు, కిటికీలు బిగించి పడుకునే వాళ్లుంటారు. ఆ బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బార్బెక్యూ పొయ్యి అయినా అంతే, బాత్రూమ్‌లో గాలి ఆడని గ్యాస్ గీజర్ అయినా అంతే. చలేస్తే ఇంకో దుప్పటి అడగండి.

చిన్నదానికి మలుపుల్లో వాంతులు వస్తాయేమో. ఎక్కే ముందు కడుపు నిండా పెట్టకండి, ఖాళీగానూ ఉంచకండి, ఒక ఇడ్లీ చాలు. ఫోన్ చేతికి ఇవ్వకండి, దూరంగా కొండల వైపు చూడమనండి. మాత్ర వేయాలంటే పిల్ల బరువు చెప్పి డాక్టరును అడిగి వేయండి, పెద్దవాళ్ల మాత్ర విరిచి వేయకండి.

పాకాల జంక్షన్ | సెప్టెంబరు 12, సాయంత్రం 6:05

రైలు అభిమానిగా ఒక మాట. కారు తప్పనిసరి కాకపోతే ఊటీ ఆలోచించండి. అక్కడా సరస్సు ఉంది, ఎత్తు 2,240 మీటర్లు. చెన్నై నుంచి వచ్చే నీలగిరి ఎక్స్‌ప్రెస్‌ను రాత్రి కాట్పాడిలో ఎక్కితే తెల్లారేసరికి మేట్టుపాళయం, అక్కడి నుంచి కొండ రైలు. 1908లో ఊటీ దాకా వేసిన లైను, 2005లో యునెస్కో జాబితాలో చేరింది. మలుపుల్లో వాంతుల బెడద లేదు. ఆ చిన్న రైలు టికెట్లు మాత్రం చాలా ముందే అయిపోతాయి.

దిండిగల్‌లో చిత్తూరోడు | సెప్టెంబరు 12, రాత్రి 9:20

జంక్షన్ అన్నా, జనవరిలో ఊటీలో పొద్దున గడ్డి మీద మంచు పేరుకుంటుంది. ఆయాసం ఉన్న మనిషికి కొడైనే నయం.

అక్కా, నా ఓటు జనవరికే. అప్పటికి ఈశాన్య వానలు దాదాపు వెళ్లిపోతాయి, ఆకాశం తేటగా ఉంటుంది. పగలు 17, 18, రాత్రి 8 చుట్టూ. మబ్బు లేని రాత్రి నేల వేడి అంతా పైకి పోతుంది కాబట్టి సరస్సు పల్లంలో ఇంకా పడిపోయి, కొన్ని రోజులు గడ్డి మీద తెల్లగా మంచు కనిపిస్తుంది. అయినా పొడి చలి బట్టలతో ఆగుతుంది. తడి చలికి మందు లేదు.

ఇబ్బంది జనం. పొంగల్ సెలవుల్లో తమిళనాడు మొత్తం కొండెక్కుతుంది. పండగ తర్వాత మూడు రోజులు ఘాట్‌లో కదలడానికి ఉండదు, రూమ్ రేట్లు చెప్పక్కర్లేదు. మీ పిల్లలకు సెలవులు ఇవ్వగానే బయలుదేరి, భోగికి ముందే ఇంటికి చేరుకోండి.

రూమ్ బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి మూడు అడగండి. వేడినీళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయి? కరెంటు పోతే జనరేటర్ గీజర్‌కు కూడా పనిచేస్తుందా? అదనపు రజాయికి డబ్బు తీసుకుంటారా? చాలా చోట్ల పొద్దున రెండు గంటలే వేడినీళ్లు.

మదనపల్లె టమాటా | సెప్టెంబరు 12, రాత్రి 9:31

నవంబరులో ఎవరూ పోవద్దు సామీ, యాడికీ. 2021 నవంబరులో మన తిరుపతే ఎట్లా మునిగిందో చూశాం. ఆ డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్‌లో బండరాళ్లు పడ్డాయి. కొండకు నీళ్లు పట్టాక అది ఎప్పుడు జారుతుందో దానికే తెలీదు.

మోడరేటర్ | సెప్టెంబరు 13, ఉదయం 8:00

ఉపయోగపడే చర్చ, పైన పిన్ చేస్తున్నాం. హోటళ్ల పేర్లు, ఏజెంట్ల ఫోన్ నంబర్లు ఇక్కడ రాయవద్దు. రాసిన రెండు పోస్టులు తీసేశాం.

కోనేటిగట్టు | జనవరి 19, సాయంత్రం 5:30

తిరిగి వచ్చి రాస్తున్నాను. భోగికి ముందే వెళ్లొచ్చాం, పండగ ఇంట్లోనే చేసుకున్నాం.

ముందు మామయ్య సంగతి, అందరూ అదే అడుగుతారు కాబట్టి. బాగున్నారు. పంచె లోపల థర్మల్ అనగానే మొదట ‘నాకెందుకమ్మా’ అన్నారు, రెండో రోజు నుంచి అడిగి వేసుకున్నారు. పొద్దున తొమ్మిది దాకా బయటికి రాలేదు. బ్రయంట్ పార్కులో బెంచీ మీద ఎండలో కూర్చుని, కోకర్స్ వాక్ నెమ్మదిగా నడిచారు. ఒక సాయంత్రం గాలి ఎక్కువై దగ్గు మొదలైతే డాక్టరు రాసిన ప్రకారం ఇన్‌హేలర్ ఇచ్చాం, అరగంటలో తగ్గింది. ఆ కాగితం చేతిలో ఉండటం వల్ల నేను కంగారు పడలేదు, నర్సక్కకు దండం.

రూమ్ వాలు మీదే తీసుకున్నాం, తూర్పు వైపు. ఏడింటికి కిటికీలోంచి ఎండ పడేది. వేడినీళ్లు రోజంతా అని ఫోన్‌లో చెప్పినవాళ్లు అక్కడికి వెళ్లాక పొద్దున ఎనిమిది దాకే అన్నారు. గట్టిగా అడిగితే బకెట్లు తెచ్చి ఇచ్చారు. అందుకే ఫోన్‌లో అడిగింది వాట్సాప్‌లో కూడా రాయించుకోండి.

పిల్లలకు చిత్తూరు అన్న చెప్పిన చలి పల్లం కళ్లారా చూపించాను. వాలు మీద రోడ్డు నుంచి కిందికి దిగుతుంటే కారులో ఉష్ణోగ్రత అంకె తగ్గుతూ వచ్చింది. సరస్సు మీద ఆవిరి లేస్తోంది. నీళ్లు మరుగుతున్నాయా అని చిన్నది అడిగింది. నీళ్లు గాలి కన్నా కొంచెం వెచ్చగా ఉంటే అలా పొగలా కనిపిస్తుందని వాళ్ల నాన్న చెప్పారు. ఎండ ఎక్కాక తొక్కే పడవ ఎక్కాం. సరస్సు చుట్టూ రోడ్డు ఐదు కిలోమీటర్ల లోపే, పెద్దవాడు అద్దె సైకిల్ మీద మొత్తం చుట్టేశాడు. చిన్నదానికి ఘాట్‌లో వాంతి కాలేదు, కానీ చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బడం చూసి కొండ దిగేదాకా దాన్ని విప్పనివ్వలేదు.

ఇక్కడ ఎవరూ చెప్పనివి కొన్ని. కొబ్బరి నూనె సీసాలోనే గడ్డ కట్టింది, వెడల్పు మూత డబ్బాలో తీసుకెళ్లండి. పెదవులు, మడమలు పగిలాయి, వాజ్‌లైన్ పెద్ద డబ్బా ఉండాలి. ఫోన్ ఛార్జింగ్ బయట తొందరగా దిగిపోయింది, లోపలి జేబులో పెట్టుకుంటే నయం. హోటల్ వంటాయన చెప్పారు, అక్కడ నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయట, అందుకే మూత గిన్నెలో అన్నం, పప్పు త్వరగా ఉడకవు. వంటగది ఉన్న కాటేజీ తీసుకునేవాళ్లు చిన్న కుక్కరు పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఘాట్ ముందే ఆపి తీసేస్తున్నారు, స్టీలు సీసాలు ఉండాలి. ఈ-పాస్ క్యూఆర్ కోడ్ అక్కడే చూశారు.

రెయిన్‌కోట్లు ఒక్కసారి కూడా బయటికి తీయలేదు, కానీ కోకర్స్ వాక్ మీద గాలికి అవే జాకెట్లుగా వేసుకున్నాం.

ఘాట్‌రోడ్డు స్టీరింగ్ | జనవరి 19, రాత్రి 10:50

సార్ ఘాట్ ఎలా నడిపారు?

కోనేటిగట్టు | జనవరి 19, రాత్రి 11:02

హారన్ కొట్టి కొట్టి మా చెవులు పోయాయి. దిగేటప్పుడు వెనక నుంచి బండ్లు హడావిడి చేసినా రెండో గేరు మార్చలేదు. పళని వైపు దిగాం, మామయ్య మొక్కు ఉంది.

కాణిపాకం కుర్రోడు | జనవరి 20, ఉదయం 7:15

అక్కా, మేం ఫిబ్రవరిలో బైకుల మీద పోతున్నాం, పళని కూడా చూడాలి. అమ్మానాన్న వెనక కారులో వస్తారు. అక్కడ రోప్ కార్ ఎప్పుడూ ఉంటుందా? నాన్నకు మోకాళ్ల నొప్పులు.

దిండిగల్‌లో చిత్తూరోడు | జనవరి 20, ఉదయం 8:40

గాలి ఎక్కువైతే రోప్ కార్ ఆపేస్తారు, మధ్యాహ్నం కూడా కాసేపు ఉండదు. మరమ్మతులకు కొన్ని రోజులు పూర్తిగా మూస్తారు, బయలుదేరే ముందు దేవస్థానం వాళ్ల ప్రకటన చూసుకో. అది లేకపోతే వించ్ ఉంది, పట్టాల మీద లాగే బండి, దానికి గాలి అడ్డం కాదు, క్యూ మాత్రం పొడుగు. తైపూసం (మురుగన్ పండగ) జనవరి చివరో ఫిబ్రవరిలోనో వస్తుంది, తేదీ చూసుకుని ఆ నాలుగు రోజులు మాత్రం పెట్టుకోవద్దు, రోడ్డంతా పాదయాత్ర జనమే ఉంటారు. బైకుల మీద పళని ఘాట్ ఎక్కేట్టయితే పొద్దున ఎనిమిది దాటాక మొదలుపెట్టండి. చేతులకు ఉన్ని గ్లౌజులు చాలవు, గాలి ఆపేవి కావాలి. వేళ్లు బిగుసుకుంటే బ్రేకు అందదు.